కరెంటు పెట్టించుకోవాలా, పురుడు పొయ్యాలా?

గుంటూరు జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి 48 ఏళ్ల పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఊరు, ఆసుపత్రి వివరాలు తీసేసి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

"స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి మావారికి చెప్తే విజయవాడ తీసుకెళ్లారు. క్యాన్సర్ అన్నారు. ఆరు వారాల కింద ఆపరేషన్ అయింది. రొమ్ము మొత్తం తియ్యలేదు, గడ్డా దాని చుట్టూ కొంత కండా తీశారు. గడ్డ సైజు 1.8 సెంటీమీటర్లు. చంకలో మూడు గ్రంథులు తీసి చూస్తే వాటిలో ఏమీ లేదట. హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్లతో పెరిగే రకం కాబట్టి మాత్రలు వాడాలి, కీమో అక్కర్లేదన్నారు. హమ్మయ్య అనుకునేలోపు రేడియేషన్, అదే కరెంటు పెట్టడం, అన్నారు. 15 సిట్టింగులు, ఆ తర్వాత గడ్డ ఉన్న చోట మాత్రం ఇంకో 5. సోమవారం నుంచి శుక్రవారం దాకా, నాలుగు వారాలు.

మా అమ్మాయికి ఏడో నెల నిండుతోంది. తొలిచూలు. బెంగళూరులో ఉంటుంది. ఎనిమిదో నెల పడకముందే ఇంటికి తీసుకురావాలి. డెలివరీకి ఇంకా పది వారాలుంది. నా జబ్బు సంగతి తనకి తెలియదు. కొవ్వు గడ్డ తీశారని చెప్పాం. వియ్యపురాలికి అదీ తెలియదు. తెలిస్తే వాళ్ల వంశంలో ఉంది అంటారని భయం.

మావారికి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. 'కోసి తీసేశాక మళ్లీ కాల్చడం దేనికి, పురుడయ్యాక చూద్దాంలే' అంటున్నారు. మా ఆడపడుచు వాళ్ల అత్తగారికి 74 ఏళ్లు. ఆవిడకీ ఇదే జబ్బు, కానీ కరెంటు అక్కర్లేదన్నారు. మరి నాకెందుకు? మా వీధిలో ఒకావిడ పదిహేనేళ్ల కింద పెట్టించుకుంటే ఒళ్లు నల్లగా మాడిపోయింది. కరెంటు పెట్టించుకున్న మనిషి కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికీ, పసిపిల్లల దగ్గరికీ పోకూడదట. ఎడమవైపు అయితే గుండె దెబ్బతింటుందని యూట్యూబ్‌లో చూశాను. మగవాళ్ల ముందు జాకెట్టు విప్పి పడుకోవాలంటే ప్రాణం పోతోంది. పోనీ రొమ్ము మొత్తం తీసేయించుకుంటే ఈ గొడవ ఉండదేమో. లేదంటే పురుడయ్యి, బిడ్డకి మూడో నెల వచ్చాక పెట్టించుకుంటే ఏమవుతుంది? చివరగా ఒకటి, అడగడానికి మొహమాటంగా ఉంది. అక్కడ పుస్తెలు తీసేయమంటారా?"

అమ్మా,

నేను డాక్టర్ని కాను. తొమ్మిదేళ్ల కింద 25 రోజులు ఆ బల్ల మీద పడుకుని లేచిన మనిషిని. నాది కుడివైపు. మీ రిపోర్టులు చూసిన డాక్టర్‌దే చివరి మాట. కానీ ఆయన్ని ఏం అడగాలో తెలియకపోతే ఆ మాట కూడా సగమే వినబడుతుంది. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు మీవారి ప్రశ్న. మా ఇంట్లోనూ అచ్చం ఇదే మాట వచ్చింది. సర్జన్ తీసింది చేతికి తగిలిన, స్కానింగులో కనిపించిన గడ్డని. చుట్టూ మిగిలిన కండలో ఏ స్కానింగుకీ దొరకని కణాలు ఉండిపోవచ్చు, ఉండకపోనూవచ్చు. మీవారిని ఒక్కటి అడగండి. చేలో తుంగ పైపైన పీకి వచ్చిన రైతుకి ఆయన 'ఇక మందెందుకు, ఇంటికి పో' అని చెప్తారా? కింద గడ్డలున్నాయని ఆయనకి తెలుసు. రేడియేషన్ ఆ కింద మిగిలినదాని కోసం.

అమెరికాలో 1976లో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టి, ఆ ఆడవాళ్లని 20 ఏళ్లపాటు గమనించారు. రొమ్ము మొత్తం తీసేసినవాళ్లూ, గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ ఒకేలా బతికారు. గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్లలో అదే రొమ్ములో మళ్లీ రావడం వందలో 39 మందికి. ఇచ్చినవాళ్లలో 14 మందికి. ఆ తర్వాత ఇలాంటి 17 పరిశోధనలు, పది వేలమందికి పైగా ఆడవాళ్ల వివరాలు కలిపి 2011లో లెక్క తీశారు. పదేళ్లలో జబ్బు ఏదో ఒక రూపంలో తిరగబెట్టడం రేడియేషన్ లేకపోతే వందలో 35 మందికి, ఉంటే 19 మందికి. మరణాలు కూడా కొంత తగ్గాయి. ఇవి పాత రోజుల లెక్కలు. ఇప్పుడు మాత్రలూ స్కానింగులూ మెరుగుపడి రెండు అంకెలూ తగ్గాయి, కానీ తేడా మిగిలే ఉంది. మీకు రొమ్ము ఉంచి ఆపరేషన్ చేసిన రోజే వైద్యంలో రెండో సగం రేడియేషన్ అని సర్జన్ మనసులో లెక్క వేసుకునే ఉంటారు. ఆ సంగతి మీకు ఆ రోజే విడమరిచి చెప్పి ఉంటే మీకు ఇప్పుడిది కొత్త పిడుగులా అనిపించేది కాదు.

మరి 74 ఏళ్ల ఆవిడకి ఎందుకు వద్దన్నారు? ఆవిడ డాక్టరు తప్పు చెప్పలేదు. 65 దాటి, గడ్డ చిన్నదై, చంకలో ఏమీ లేక, హార్మోన్ మాత్రలు సరిగ్గా వేసుకునేవాళ్ల మీద బ్రిటన్‌లో చేసిన పరిశోధన ఒకటుంది. పదేళ్లలో అదే రొమ్ములో మళ్లీ రావడం రేడియేషన్ లేనివాళ్లలో వందకి తొమ్మిది పది మంది, ఉన్నవాళ్లలో ఒక్కరు. ఆయుష్షులో మాత్రం తేడా కనిపించలేదు. ఆ వయసులో అది చూసి వద్దనుకోవడం సబబే. మీ రిపోర్టు ఆవిడ రిపోర్టులాగే ఉండొచ్చు, వయసు వేరు. 48లో మీ ముందు ఇంకా ముప్ఫై నలభై ఏళ్లున్నాయి, వయసు తక్కువైనకొద్దీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆ అయిదు అదనపు సిట్టింగులు కూడా చాలావరకు అందుకే.

ఇప్పుడు క్యాలెండరు తీసుకుని నా పక్కన కూర్చోండి. మీ ఆపరేషన్ అయి ఆరు వారాలు. కీమో లేనివాళ్లకి మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెడతారు, మూడు నెలలు దాటనివ్వరు. వచ్చే వారం ప్లానింగ్ స్కాన్ (కిరణాలు ఎక్కడ పడాలో చూసుకోవడానికి తీసే సీటీ స్కాన్) చేయించుకుని, ఇంకో వారంలో మొదలుపెడితే, ఈ రోజు నుంచి ఆరు వారాలకి మొత్తం అయిపోతుంది. డెలివరీకి ఇంకా నాలుగు వారాలు మిగులుతాయి. చర్మం బాగా మండేది చివరి సిట్టింగు తర్వాత వారం పది రోజులకి. అది కూడా పురుటికి ముందే తగ్గుముఖం పడుతుంది. అమ్మాయికి రెండు వారాలు ముందొచ్చినా మీరు ఇంట్లోనే ఉంటారు.

అదే బిడ్డకి మూడో నెల వచ్చేదాకా ఆగితే, ఆపరేషన్ నుంచి లెక్కవేయండి: 28 వారాలు. ఆరు నెలలు దాటిపోయింది. కొంపలు మునగవు అని నేను చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పరు. అప్పుడు మాత్రం ఏం తీరిక దొరుకుతుంది? చంటిబిడ్డ, బాలింత ఇంట్లో ఉండగా రోజూ విజయవాడ వెళ్లాలి.

ఇంకో దారి కూడా అడిగి చూడండి. బ్రిటన్‌లోనే నాలుగు వేలమందికి పైగా చేసిన పరిశోధనలో, 15 సిట్టింగులకి బదులు వారంలో 5 సిట్టింగులు ఇచ్చినా అయిదేళ్లలో ఫలితం అంతే బాగుందని 2020లో తేలింది. మన దగ్గరా కొన్నిచోట్ల ఇస్తున్నారు. ఒక్కో రోజు మోతాదు ఎక్కువ కాబట్టి అందరికీ, అన్ని మెషీన్ల మీదా కుదరదు. మీకు ఎలాగూ బూస్ట్, అంటే గడ్డ ఉన్న చోట ఇచ్చే ఆ అదనపు సిట్టింగులు, కావాలంటున్నారు గనక ఆ రోజులు అదనం. 'నాకు ఇది సరిపోతుందా, సరిపోకపోతే ఎందుకు' అని అడగండి. కాదంటే నాలుగు వారాలకే సిద్ధపడండి, అదీ నా కాలం మీద చూస్తే తక్కువే. మాకు ఐదు వారాలు తప్పేది కాదు.

రొమ్ము మొత్తం తీయించుకోవడం నిజమైన దారే. మీ రిపోర్టుని బట్టి చూస్తే అలా చేయించుకున్న చాలామందికి రేడియేషన్ అవసరం పడదు. ఆయుష్షు రెండిట్లోనూ సమానం. కానీ అది ఇంకో పెద్ద ఆపరేషన్. మళ్లీ మత్తు, పక్కన గొట్టాలు, చెయ్యి పైకెత్తడానికి నెల పైన. పురుడు కోసం ఆ దారి పడితే మీకు కలిసొచ్చే రోజులేమీ లేవు. మీకు మీరుగా, మనశ్శాంతి కోసం అదే కావాలనిపిస్తే సర్జన్‌తో విడిగా మాట్లాడండి. కరెంటుకి భయపడి మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి. ఎందుకంటే ఆ భయంలో సగం విన్న మాటల వల్ల వచ్చిందే.

కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికి పోకూడదన్న మాట తీసుకోండి. ఆ మాట ఉత్తినే పుట్టలేదు. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ అనే మందు మింగిస్తారు. అది ఒంట్లో ఉన్నన్నాళ్లు నిజంగానే కొన్ని రోజులు గర్భిణులకీ పసిపిల్లలకీ దూరంగా ఉండమంటారు. మీకు ఇచ్చేది అది కాదు. బయటి నుంచి మెషీన్ కిరణాలు పంపిస్తుంది, స్విచ్ ఆపగానే ఆగిపోతాయి. టార్చి ఆర్పాక గోడ మీద వెలుతురు మిగలదు కదా, అంతే. ఇంటికొచ్చి మీ అమ్మాయి పక్కనే పడుకోండి, తన తలకి నూనె పెట్టండి, పుట్టిన బిడ్డని ఒళ్లో వేసుకోండి. మెషీన్ నడిచేటప్పుడు ఆ గదిలో మీరు తప్ప ఎవరూ ఉండరు. మీ అమ్మాయి మీతో వచ్చినా బయట హాల్లో కూర్చుంటే చాలు, ఆ గది గోడలు కిరణాలు బయటికి రాకుండా మందంగా కడతారు.

గుండె గురించిన భయంలో మాత్రం నిజం ఉంది, దాన్ని తీసిపారేయను. ఎడమ రొమ్ము వెనకే గుండె. పాత రోజుల్లో కొందరికి ఏళ్ల తర్వాత ఇబ్బందులు వచ్చిన మాట వాస్తవం. ఇప్పుడు ఊపిరి బిగబట్టించి ఇచ్చే పద్ధతి వచ్చింది. నిండుగా గాలి పీల్చి 20 సెకన్లపాటు ఆపితే ఊపిరితిత్తులు నిండి గుండె రొమ్ము గోడకి దూరం జరుగుతుంది, ఆ కాసేపే కిరణాలు పంపుతారు. మీ ఆసుపత్రిలో ఇది ఉందా అని తప్పకుండా అడగండి. ఇది మీరు అడగాల్సిన వాటిలో మొదటి ప్రశ్న. ఉందంటే ఈ రాత్రి నుంచే మంచం మీద పడుకుని గాలి పీల్చి ఆపడం సాధన చేయండి.

దాంతోపాటు ఎడమ చెయ్యి గోడ మీద వేళ్లతో పాకించుకుంటూ పైకి తీసుకెళ్లే వ్యాయామం మానకండి. ఆ బల్ల మీద చేతులు తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. నాకు మొదటి వారం కిరణాల వల్ల ఏ నొప్పీ లేదు, బిగుసుకుపోయిన భుజం వల్లే కళ్లనీళ్లొచ్చాయి.

ఆ గది ఎలా ఉంటుందో చెప్తాను, చూసినట్టుంటే సగం భయం పోతుంది. ప్లానింగ్ రోజున సీటీ స్కాన్ తీసి, ఒంటి మీద ఊదారంగు సిరాతో గీతలు గీస్తారు. కొన్నిచోట్ల చిన్న చుక్క పచ్చబొట్టు పెడతారు. సిరా గీతలు చెరిగిపోకుండా చూసుకోవాలి, కాబట్టి తెల్ల జాకెట్లు లోపల దాచేయండి. నావి నాలుగు పాడయ్యాయి. రోజూ సిట్టింగుకి లోపలికి వెళ్లాక బల్ల చల్లగా తగులుతుంది. గోడల నుంచి సన్నటి లేజరు గీతలు ఒంటి మీద పడతాయి. టెక్నీషియన్లు మిమ్మల్ని అంగుళంలో పావు వంతు అటూ ఇటూ జరిపి ఆ గీతల్నీ సిరా గీతల్నీ కలిపి, బయటికి వెళ్లిపోతారు. పెద్ద తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు చప్పుడు వినగానే మొదటి రోజు నా గుండె జారిపోయింది. తర్వాత మెషీన్ తలభాగం మీ చుట్టూ తిరుగుతుంది, పక్కింట్లో మోటారు వేసినట్టు గుయ్యిమని ఒక చప్పుడు. అంతే. వేడి లేదు, మంట లేదు. విష్ణు సహస్రనామం మొదలుపెట్టేదాన్ని, పదో పన్నెండో శ్లోకాల దగ్గరే చప్పుడు ఆగిపోయేది. కెమెరాలో చూస్తూనే ఉంటారు, మైకులో మాట వినిపిస్తుంది, దగ్గు వచ్చినా చెయ్యి కదిపితే ఆపుతారు.

జాకెట్టు విప్పడం గురించి రాశారు. చిన్న విషయమని అనను. చాలాచోట్ల ఆడ టెక్నీషియన్లు ఉన్నారు. 'నన్ను సర్దేటప్పుడు ఒక ఆడ మనిషి ఉండాలి, రెండో వైపు దుప్పటి కప్పాలి' అని మొదటి రోజే నోరు తెరిచి అడగండి, అడిగే హక్కు మీకుంది. ముందు హుక్కులున్న పాత నూలు జాకెట్టు, పైన ఒక తువ్వాలు తీసుకెళ్లండి.

మీ వీధిలో ఆవిడకి ఒళ్లు మాడిన మాట కూడా అబద్ధం కాకపోవచ్చు. అప్పట్లో కోబాల్టు మెషీన్ల మీద చర్మానికి తగిలేది ఎక్కువ. ఇప్పటికీ చర్మం ఎర్రబడటం, నల్లబడటం మామూలే. రొమ్ము కింది మడతలో, చంకలో తోలు ఊడొచ్చు. నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటి చెప్పాలి. 25 సిట్టింగులూ అయ్యాక మా ఆసుపత్రిలో 'అయిపోయిందమ్మా, సంతోషంగా వెళ్లండి' అన్నారు. ఆ తర్వాతే ఎక్కువవుతుందని ఒక్కరూ చెప్పలేదు. ఎనిమిదో రోజు రాత్రి మడతలో తోలు జాకెట్టుకి అతుక్కుపోయి, గోరువెచ్చటి నీళ్లతో తడిపి తడిపి విడదీసుకుంటూ జబ్బు తిరగబెట్టిందనుకుని ఏడ్చాను. రెండు వారాల్లో దానంతటదే మానింది. మీకు ముందే తెలుసు కాబట్టి ఏడవరు, డాక్టరు దగ్గర రాయాల్సిన మందు ముందే అడిగి తెచ్చుకుంటారు. పసుపు, సున్నిపిండి, పౌడరు, ఎవరో చెప్పిన పసర్లు ఆ చోట రాయకండి. జుట్టు ఊడదు. అలసట మాత్రం మూడో వారం నుంచి ఒంటి మీద తడిబట్ట కప్పినట్టు ఉంటుంది, కొన్ని వారాలు సాగుతుంది. కొన్నాళ్లకి రొమ్ము కాస్త గట్టిపడటం, పక్కటెముకల్లో అప్పుడప్పుడు పోటు కొందరికి ఉంటాయి. నాకు ఆ పోటు ఇప్పటికీ చలికాలంలో వస్తుంది. పొడిదగ్గు, ఆయాసం వస్తే, చెయ్యి వాస్తే ఆగకుండా చెప్పండి.

పురుటి పనుల్లో ఒకటి వదులుకోవాలి. కాగులతో వేణ్ణీళ్లు మొయ్యకండి, బిడ్డకి నీళ్లు పోసే మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి. బాలింతకి కారప్పొడి, పథ్యం కూరలు, రాత్రి బిడ్డని ఎత్తుకు తిప్పడం, అవన్నీ మీవే.

డబ్బు గురించి మీరు రాయలేదు. ఇదే స్థితిలో ఉన్న మిగతావాళ్ల కోసం ఒక ముక్క. ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీలోనూ, తెలంగాణ ఆరోగ్యశ్రీలోనూ రేడియేషన్ ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ చూపిస్తే వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వేలో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు మనిషికి రాయితీ.

ఇన్ని రాశాక కూడా, మీ ఎనిమిది పేజీల్లో నన్ను ఆపింది ఒక్క వాక్యమే: 'నా జబ్బు సంగతి తనకి తెలియదు.' క్యాలెండరు ప్రకారం కరెంటుకీ పురుడుకీ గొడవ లేదు. గొడవంతా ఆ దాపరికంతోనే. ఎనిమిదో నెల కడుపుతో ఇంట్లో కూర్చున్న పిల్ల, రోజూ పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి వాడిపోయి వచ్చే అమ్మని నాలుగు వారాలు చూస్తుంది. జాకెట్టు మీద ఊదా మరక చూస్తుంది. తనకి తనే కనుక్కుంటే ఎంత ఊహించుకుంటుందో! మీరు ఆగిపోవాలనుకుంటున్నది వైద్యానికి భయపడి కాదేమో, అబద్ధం బయటపడుతుందనేమో ఒకసారి ఆలోచించండి. నేను మా అమ్మకి చెప్పలేదు. పెద్దదయింది, తట్టుకోలేదనుకున్నాను. ఎవరిదో పెళ్లిలో దూరపు బంధువు ఒకావిడ 'మీ అమ్మాయికి ఇప్పుడెలా ఉంది' అని అడిగితే తెలిసింది. నన్నేమీ అనలేదు. ఆరు నెలలు నాతో పొడి మాటలు మాట్లాడింది.

చెప్పాలంటే రెండు మూడు రకాలుగా చెప్పొచ్చు. తీసుకురావడానికి మీరే బెంగళూరు వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పడం ఒకటి. ముందు అల్లుడికి చెప్పి, అతన్ని పక్కన ఉంచుకుని చెప్పడం ఇంకోటి. అమ్మాయి డాక్టరమ్మకి కూడా ఒక మాట చెబితే ఆవిడా ధైర్యం చెప్తారు. ఎక్కువ వద్దు. 'అమ్మలూ, నాకు తీసింది కొవ్వు గడ్డ కాదు, క్యాన్సర్. చిన్నగా ఉండగానే దొరికింది, తీసేశారు. నాలుగు వారాలు కరెంటు పెడతారు. నీ పురుడు నేనే పోస్తాను.' తర్వాత తను ఏడిస్తే ఏడవనివ్వండి.

అసలు చెప్పకూడదు అనుకుంటే, డెలివరీ బెంగళూరులోనే చేయించి, మూడో నెలలో తల్లీబిడ్డల్ని తెచ్చుకోవడం ఒక దారి. వైద్యం ఆగదు. కానీ తొలి కాన్పుకి అమ్మ ఎందుకు రమ్మనలేదో ఆ పిల్లకి అర్థం కాదు, వియ్యాలవారికి మాత్రం కారణం వెతుక్కునే పని దొరుకుతుంది.

అమ్మాయికి తెలియాల్సిన అవసరం ఇంకొకటుంది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి వందకి అయిదు నుంచి పది మాత్రమే, వియ్యపురాలు అనుకునేంత భయం లేదు. అయినా తల్లికి వచ్చిన వయసు కన్నా పదేళ్ల ముందు నుంచే కూతురు పరీక్షలు చేయించుకోవాలని డాక్టర్లు చెప్తారు. మీ పుట్టింట్లో ఎవరికైనా రొమ్ము, అండాశయం క్యాన్సర్లు వచ్చి ఉంటే మీ డాక్టరుకి చెప్పి, జన్యు పరీక్ష కావాలా అని అడగండి. వియ్యపురాలికి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది మీరూ మీ అమ్మాయీ కలిసి తేల్చుకోండి. దానికి ఏ గడువూ లేదు.

పుస్తెల సంగతి. అవును, తీయమంటారు. లోహం ఉంటే స్కాన్ సరిగ్గా రాదు, కిరణాల దారిలో కూడా ఉండకూడదు. నేను ప్లానింగ్‌కి ముందు రోజు రాత్రి పుస్తెలూ నల్లపూసలూ తీసి దేవుడి దగ్గర పెట్టాను. నూలు తాడుకి పసుపు కొమ్ము కట్టి మా అత్తగారే నా మెడలో ముడి వేశారు. టెక్నీషియన్ అమ్మాయి రోజూ నన్ను పడుకోబెట్టాక ఆ తాడుని మెల్లిగా ఎడమ భుజం మీదుగా వెనక్కి జరిపేది, చప్పుడు ఆగి తలుపు తెరుచుకోగానే వచ్చి ముందు అదే సరిచేసేది. ఒక్క రోజు కూడా తీసెయ్యమనలేదు. మీరు తాడు కొంచెం పొడుగ్గా కట్టుకోండి, కుడి భుజం మీదికి జరపడానికి వీలుగా.